కాలికి కట్టే అల్ట్రాసౌండ్ పట్టీ రక్తప్రసరణను పెంచుతుందా? పరీక్షించే విధానం

పిక్కకో మడమకో పట్టీలా చుట్టుకుని, నడుముకు తగిలించిన చిన్న బ్యాటరీ పెట్టెతో గంటల తరబడి నడిపే అల్ట్రాసౌండ్ పరికరాలు వైద్య విపణిలోకి వచ్చి పదేళ్లు దాటింది. నొప్పి తగ్గుతుంది, కండరాల పట్టేత వదులుతుంది, ఆ చోట రక్తప్రసరణ పెరుగుతుంది అనే మూడు మాటలు ఇటువంటి పరికరాల వివరణ పత్రాల్లో తరచుగా కలిసే కనిపిస్తాయి. మొదటి రెండింటి సంగతి వాడినవారిని అడిగి కొంతవరకు తెలుసుకోవచ్చు గాని, మూడోదాన్ని కొలిచి తీరాలి. విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఫిజియోథెరపీ, బయోమెడికల్ ఇంజినీరింగ్ చదువుతున్న విద్యార్థులూ, మధుమేహ రోగుల పాదాలను రోజూ చూసే వైద్యులూ అటువంటి పరికరాన్ని పరీక్షకు పెట్టదలచుకుంటే ఎక్కడ మొదలుపెట్టి ఎలా నడపాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందే ప్రశ్నను సరిగా పెట్టుకోవాలి. కాలి మీద వేడినీళ్ల సంచి పెట్టినా, కాసేపు పిక్కను మర్దన చేసినా, ఎండలోంచి వచ్చినవారిని ఊరికే కూర్చోబెట్టినా చర్మంలో రక్తప్రవాహం మారుతుంది. అందువల్ల పట్టీ కట్టాక రక్తప్రవాహం పెరిగిందని చూపించడం ఏమంత కష్టం కాదు, దానివల్ల తేలేదీ పెద్దగా ఉండదు. అంతే వేడినిచ్చే మామూలు పట్టీ కంటే ఈ పరికరం అదనంగా ఏమిచ్చింది, ఆ అదనపు ప్రవాహం చర్మంలోనా కండరంలోనా, దానివల్ల రోగి మరికొంత దూరం నడవగలిగాడా అనేవే పరీక్ష తేల్చవలసిన విషయాలు. కింద చెప్పే ఏర్పాట్లన్నీ వీటి కోసమే.

శబ్దం రక్తనాళం దాకా ఎలా చేరుతుంది

ఫిజియోథెరపీ గదుల్లో వాడే అల్ట్రాసౌండ్, అంటే చెవికి అందని శబ్దం, సాధారణంగా 1 లేదా 3 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో ఉంటుంది. కండరంలో ఈ తరంగాలు ఒక మెగాహెర్ట్జ్‌కు ప్రతి సెంటీమీటరు లోతులో సుమారు 1 డెసిబెల్ చొప్పున క్షీణిస్తాయి. అంటే 3 మెగాహెర్ట్జ్ పరికరం శక్తి ఒక సెంటీమీటరు లోతుకు వెళ్లేసరికి దాదాపు సగమవుతుంది. 1 మెగాహెర్ట్జ్ పరికరానికి ఆ సగం తగ్గుదల మూడు సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. మోకాలి వెనుక లోతుగా ఉన్న పాప్లిటియల్ ధమని మీద ప్రభావం చూపుతామని చెప్పే పరికరం 3 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తున్నదంటే, మొదటి సందేహం అక్కడే రావాలి. చీలమండ లోపలి వైపు చర్మానికి దగ్గరగా సాగే పోస్టీరియర్ టిబియల్ ధమని విషయంలో అంత ఇబ్బంది లేదు.

ప్రభావం రెండు దారుల్లో రావచ్చు. మొదటిది వేడి: కణజాలం తరంగాన్ని పీల్చుకుని వేడెక్కుతుంది, రక్తనాళాలు విప్పారతాయి. రెండోది యాంత్రికమైనది: తరంగం పుట్టించే సూక్ష్మమైన కదలికలు, ద్రవ ప్రవాహాలు రక్తనాళపు లోపలి పొరను ఒరుసుకున్నప్పుడు ఆ పొరలోని కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తాయని, దానివల్ల నాళం సడలుతుందని ప్రయోగశాల పరిశోధనలు సూచిస్తున్నాయి. నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాలకు సంకేతంగా పనిచేస్తుందని కనుగొన్నందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు వైద్యశాస్త్ర నోబెల్ లభించింది. రక్తం అందని కుందేలు కాలి కండరానికి 40 కిలోహెర్ట్జ్ అల్ట్రాసౌండ్ ఇస్తే ప్రసరణ మెరుగుపడిందని, నైట్రిక్ ఆక్సైడ్ తయారీని అడ్డుకుంటే ఆ మెరుగుదల కనిపించలేదని 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ప్రచురితమైన ప్రయోగాలు చూపించాయి.

కుందేలు దగ్గర నిలిచిన ఫలితం మనిషి దగ్గర నిలుస్తుందన్న హామీ లేదు. మానని సిరల పుండ్లకు తక్కువ మోతాదు అల్ట్రాసౌండ్ ఇచ్చి చూసిన బ్రిటన్ పరీక్షలో 337 మంది పాల్గొన్నారు. 2011లో వెలువడిన ఆ ఫలితాల్లో మామూలు చికిత్స కంటే అదనపు ప్రయోజనం కనిపించలేదు. విరిగిన ఎముకలు త్వరగా అతుకుతాయని ఎన్నో ఏళ్లు వాడిన తక్కువ తీవ్రత పల్స్ అల్ట్రాసౌండ్ కూడా, 501 మంది కాలి ఎముక విరిగినవారి మీద జరిగి 2016లో ప్రచురితమైన పరీక్షలో ఉత్తుత్తి పరికరం కంటే మెరుగ్గా నిలవలేదు. ఈ రెండు ఉదాహరణలను ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. రెండింటికీ ముందు ఆశాజనకమైన చిన్న అధ్యయనాలు ఉన్నాయి. మన పరీక్ష కూడా మొదట చిన్నదే అవుతుంది కాబట్టి, చిన్న అధ్యయనం ఎక్కడ మోసపోతుందో తెలిసి ఉండటం మంచిది.

ఒంటికి కట్టే పరికరాల్లో మరో ప్రత్యేకత ఉంది. చదరపు సెంటీమీటరుకు 1 వాటు తీవ్రతతో 5 నిమిషాలు చేసే మామూలు చికిత్సలో చర్మానికి అందేది చదరపు సెంటీమీటరుకు 300 జౌళ్లు. 0.13 వాట్ల తీవ్రతతో 4 గంటలు నడిచే పట్టీ ఇచ్చేది దాదాపు 1,870 జౌళ్లు. తీవ్రత తక్కువని చూసి మొత్తం మోతాదు కూడా తక్కువేనని అనుకోవడం ఇక్కడ పొరపాటవుతుంది.

అనుమతులు

మనుషుల మీద పరీక్ష కాబట్టి సంస్థాగత నైతిక కమిటీ ఆమోదం లేకుండా ఒక్కరి కాలికి కూడా పట్టీ కట్టకూడదు. వైద్య కళాశాలలన్నింటిలో ఇటువంటి కమిటీలు ఉంటాయి. ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు ఒక వైద్య కళాశాలలోని విభాగంతో కలిసి దరఖాస్తు చేసుకోవడం మంచిది. గుంటూరు వైద్య కళాశాల, విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాల, మంగళగిరి ఎయిమ్స్ ఒకదానికొకటి దగ్గరలోనే ఉండటం ఈ ప్రాంతానికి ఉన్న సౌకర్యం. పరికరం మన దేశంలో ఇంకా లైసెన్స్ పొందనిదైతే, 2017 వైద్య పరికరాల నిబంధనల కింద ఎండీ-22 దరఖాస్తుతో కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ అనుమతి కోరవలసి రావచ్చు. అది ఏ తరగతి పరికరమో, ఏ అనుమతి కావాలో కమిటీ ముందు మొదటే తేల్చుకోవాలి. భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో మొదటి వ్యక్తిని చేర్చుకోవడానికి ముందే నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి తర్వాత చేసే నమోదును రిజిస్ట్రీ అంగీకరించడం లేదు.

చాలామంది మరచిపోయే సంగతి ఇంకొకటి ఉంది. చికిత్స పట్టీ బొమ్మను చూపదు. ఫలితాన్ని కొలవడానికి వాడే డూప్లెక్స్ స్కాన్ (రక్తనాళాన్నీ అందులోని ప్రవాహాన్నీ అల్ట్రాసౌండ్‌తో చూసే) యంత్రం మాత్రం బొమ్మను చూపుతుంది, కనుక అది 1994 నాటి గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం పరిధిలోకి వస్తుంది. కాలినే చూస్తున్నాం కదా అని ఆ యంత్రాన్ని ప్రయోగశాలకు తరలించరాదు. స్కాన్ అవసరమైన రోజున పాల్గొనేవారినే రిజిస్టరైన కేంద్రానికి తీసుకువెళ్లేలా ప్రణాళిక వేసుకోవాలి.

సమ్మతి పత్రం తేట తెలుగులో ఉండాలి. అందులో "ఈ పరికరం మీ రక్తప్రసరణను మెరుగుపరుస్తుంది" అన్న వాక్యం ఉండకూడదు. అది తేలనందుకే పరీక్ష చేస్తున్నాం. చదవలేని పెద్దవారికి వారి ఇంటి మనిషి సమక్షంలో, పరిశోధక బృందానికి చెందని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. వైద్యుడు చెబుతున్నాడు కాబట్టి కాదనలేక తలూపే పెద్దవారు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు. "వద్దంటే మీ వైద్యంలో ఏ తేడా రాదండీ" అన్న మాటను వైద్యుడి నోటితోనే చెప్పించడం వల్ల ఆ మొహమాటం కొంత తగ్గుతుంది.

ముందు పరికరాన్ని కొలవాలి

పరికరం మీద రాసి ఉన్న అంకెలు నిజమని నమ్మి నేరుగా కాలి దగ్గరకు వెళ్లడం ఈ రంగంలో కనిపించే పెద్ద బలహీనత. ఫలితం ఏదీ రాకపోతే అల్ట్రాసౌండ్ పనిచేయలేదో, అసలు పరికరం నుంచి అల్ట్రాసౌండే రాలేదో చెప్పలేని స్థితిలో పడతాం.

మెగాహెర్ట్జ్ పరికరాల శక్తిని కొలవడానికి వికిరణ బలం పద్ధతి ఉంది. అల్ట్రాసౌండ్‌ను పూర్తిగా పీల్చుకునే రబ్బరు ఫలకాన్ని నీటి పాత్ర అడుగున ఉంచి, ఆ పాత్రను ఒక మిల్లీగ్రామును గుర్తించగల ప్రయోగశాల త్రాసు మీద పెట్టాలి. పట్టీలో తరంగాన్ని పుట్టించే భాగమైన ట్రాన్స్‌డ్యూసర్‌ను త్రాసుకు గాని, పాత్రకు గాని తగలని స్టాండుకు బిగించి, దాని ముఖం నీటిలో మునిగి నిటారుగా కిందికి చూసేలా అమర్చాలి. పరికరాన్ని ఆన్ చేయగానే తరంగం ఫలకాన్ని కిందికి నెడుతుంది; ఒక వాటు శక్తికి త్రాసు సుమారు 68 మిల్లీగ్రాములు ఎక్కువ చూపుతుంది. 1.3 వాట్లు ఇస్తుందని రాసి ఉన్న పరికరం 88 మిల్లీగ్రాముల దగ్గర నిలవాలి. 50 చూపిస్తే ఆ తేడాను పరీక్ష పత్రంలో రాయవలసిందే. నీటిలో కరిగి ఉన్న గాలి బుడగలుగా మారి కొలతను చెడగొడుతుంది కాబట్టి నీటిని బాగా మరిగించి, మూతపెట్టి చల్లార్చి వాడాలి. కొలిచేటప్పుడు ఏసీ గాలి, ఫ్యాను గాలి త్రాసు మీద పడనీయకూడదు. ఆన్, ఆఫ్ పదేపదే చేసి ఆ తేడాల సగటు తీసుకోవాలి. నీరు ఆవిరవుతుండటం వల్ల త్రాసు అంకె తనంతట తానే మెల్లగా జారుతుంటుంది.

పరికరం 4 గంటలు పనిచేయాల్సినదైతే మొదటి నిమిషంలోనూ, ప్రతి అరగంటకూ, చివరి నిమిషంలోనూ కొలవాలి. బ్యాటరీ దిగిపోతున్న కొద్దీ శక్తి పడిపోవడం అసాధారణమేమీ కాదు. పల్స్ పద్ధతిలో పనిచేసే పరికరమైతే వివరణ పత్రంలోని తీవ్రత పల్స్ సమయానిదో సగటుదో చూడాలి: 1 వాటు తీవ్రతతో 20 శాతం సమయమే తరంగం వస్తుంటే సగటు 0.2 వాట్లే. కిరణం అంతటా ఒకేలా ఉండదు గనుక సగటుకు, అత్యధిక బిందువుకు ఉన్న నిష్పత్తిని కూడా తెలుసుకోవాలి. ఫిజియోథెరపీ పరికరాల కొలతకు ఉద్దేశించిన ఐఈసీ 61689 ప్రమాణం ఈ నిష్పత్తిని ఎలా కట్టాలో చెబుతుంది. దానికి హైడ్రోఫోన్ (నీటిలోని శబ్దాన్ని పట్టే మైకు), నీటి తొట్టె అవసరం. ఆ సౌకర్యం ఉన్న సంస్థ సాయం తీసుకోవడమే తెలివైన పని. 20 కిలోహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యపు పట్టీలకు త్రాసు పద్ధతి పనికిరాదు. నీటిలో ఆ తరంగపు పొడవే 7.4 సెంటీమీటర్లు, సాధారణంగా ట్రాన్స్‌డ్యూసర్ ముఖం కంటే పెద్దది.

చివరగా ట్రాన్స్‌డ్యూసర్ ముఖానికి సన్నని థర్మోకపుల్ (ఉష్ణోగ్రతను కొలిచే తీగ) అంటించి, అగర్ జెల్ దిమ్మ మీద పెట్టి, పూర్తి చికిత్సా సమయం పాటు ఉష్ణోగ్రతను నిమిష నిమిషానికీ రాసుకోవాలి. ఈ వక్రరేఖే తర్వాత వేడి పట్టీని సరిచూసుకోవడానికి ఆధారమవుతుంది.

ఎవరికి కట్టకూడదు

ఈ చికిత్సలో ఒక చిక్కు దాగి ఉంది. కణజాలంలో పుట్టిన వేడిని తీసుకుపోయేది రక్తమే. రక్తం తక్కువగా అందే కాలిలో ఆ వేడి అక్కడే పోగుపడుతుంది. పైగా మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్న పాదానికి చర్మం కాలుతున్నా తెలియదు. అంటే ఈ పరికరం ఎవరికి అవసరమని చెబుతున్నారో వారికే ప్రమాదం కూడా ఎక్కువ. అందుచేత మొదటి దశ ఆరోగ్యవంతులతోనే జరగాలి. రోగుల దశకు వెళ్లినప్పుడు ప్రతి పాదాన్నీ 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో (స్పర్శను పరీక్షించే నైలాన్ పోగుతో) పరీక్షించి, స్పర్శ తెలియని పాదాన్ని చేర్చుకోకూడదు.

కాలి లోతు సిరల్లో రక్తం గడ్డకట్టిందన్న అనుమానం ఉన్నవారికి పట్టీ కట్టరాదు. ఒక్క పిక్కే వాచి, నొప్పిగా, వెచ్చగా ఉన్నవారిని ముందుగా వైద్యుడికి చూపించాలి. ఆ చోట క్యాన్సర్ ఉన్నవారు, చర్మంలో ఇన్ఫెక్షన్ ఉన్నవారు, గర్భిణులు, పేస్‌మేకర్ వంటి పరికరాలు ఉన్నవారు, ఎముకలు ఇంకా పెరుగుతున్న పిల్లలు పరీక్షకు వెలుపలే ఉండాలి. విశ్రాంతిలోనూ కాలు నొప్పి పుట్టేవారికీ, వేళ్లు నల్లబడుతున్నవారికీ ముందు రక్తనాళాల వైద్యం కావాలి. వారిని పట్టీ పరీక్షలో చేర్చి కాలయాపన చేయడం తప్పు.

చర్మం ఉష్ణోగ్రత ఎంత దాటితే పరికరాన్ని ఆపాలో ముందే రాసిపెట్టుకోవాలి. 43 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు ఉంటే కణజాలానికి హాని మొదలవుతుంది కాబట్టి, గంటల తరబడి నడిచే పరికరానికి 40 డిగ్రీలనే ఆపే హద్దుగా పెట్టుకోవడం నా సలహా.

ఉత్తుత్తి పట్టీ, వేడి పట్టీ

అల్ట్రాసౌండ్ చెవికి వినిపించదు, తక్కువ తీవ్రతలో చర్మానికీ తెలియదు. కాబట్టి లోపల ట్రాన్స్‌డ్యూసర్‌కు కరెంటు అందని పట్టీని అచ్చం అసలుదానిలా తయారు చేయడం సులువే. అదే లైటు వెలగాలి, అదే జెల్ ఉండాలి, బరువు కూడా అంతే ఉండాలి. కాని అసలు పట్టీ కొద్దిగానైనా వెచ్చబడితే కట్టుకున్నవారు పసిగట్టేస్తారు. అందుకే మూడో పట్టీ అవసరమవుతుంది. దానిలో ట్రాన్స్‌డ్యూసర్ స్థానంలో చిన్న హీటర్ పెట్టి, అగర్ దిమ్మ మీద రాసుకున్న ఉష్ణోగ్రతా వక్రరేఖనే అది అనుసరించేలా చూడాలి. అసలు పట్టీకీ ఉత్తుత్తి పట్టీకీ మధ్య కనిపించే తేడాలో వేడి, శబ్దం రెండూ కలిసే ఉంటాయి. అసలు పట్టీకీ వేడి పట్టీకీ మధ్య తేడాయే శబ్దానిది. వేడి లోతు విషయంలో ఈ పోలిక పరిపూర్ణం కాదు, ఎందుకంటే హీటర్ పైనుంచి వేడిచేస్తుంది, అల్ట్రాసౌండ్ లోపలా వేడిచేస్తుంది. అయినా ఈ మూడో పట్టీ లేని పరీక్ష కంటే ఉన్న పరీక్ష ఎంతో మేలు.

ఒక్కో మనిషి మూడు పట్టీలనూ వేర్వేరు రోజుల్లో, చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా వచ్చిన వరుసలో కట్టుకోవాలి. పట్టీల మీద సంకేత అక్షరాలే ఉండాలి. ఏ అక్షరం ఏదో తెలిసిన వ్యక్తి కొలతల గదిలోకి రాకూడదు. ప్రతి విడత చివరా "ఈరోజు మీకు కట్టింది ఏదని అనుకుంటున్నారు?" అని అడిగి రాసుకోవాలి. ఎక్కువమంది సరిగ్గా చెప్పగలిగారంటే గుట్టు బయటపడినట్టే, ఆ సంగతిని నివేదికలో చెప్పాలి. విడత మధ్యలో "వేడిగా ఉందా అండీ?" అని అడగరాదు, "ఏమనిపిస్తోందండీ?" అని మాత్రమే అడగాలి.

దేనితో కొలవాలి

కోవిడ్ తర్వాత పల్స్ ఆక్సీమీటర్ చాలా ఇళ్లలోకి చేరింది. దానిలో 98 శాతం కనబడితే ప్రసరణ బాగున్నట్టేనన్న అభిప్రాయం కూడా దానితోపాటే చేరింది. ఆ అంకె రక్తంలో ఆక్సిజన్ ఎంత నిండి ఉందో చెబుతుంది. ఎంత రక్తం వస్తున్నదో చెప్పదు. కొన్ని ఆక్సీమీటర్లు చూపే పర్‌ఫ్యూజన్ ఇండెక్స్ (వేలిలో నాడి బలాన్ని చూపే అంకె) కొంత ఉపయోగపడుతుంది గాని, వేలు కదిలినా చల్లబడినా మారిపోయే ఆ అంకెను ప్రధాన ఫలితంగా పెట్టుకోకూడదు.

చీలమండ-భుజం పీడన సూచిక, అంటే ఏబీఐ, కొలవడానికి బీపీ కఫ్, ధమనిలోని రక్తప్రవాహాన్ని చప్పుడుగా వినిపించే 8 మెగాహెర్ట్జ్ చేతి డాప్లర్ చాలు. వ్యక్తిని కనీసం 5 నుంచి 10 నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి, రెండు చేతుల సిస్టాలిక్ పీడనాన్నీ, ప్రతి చీలమండ దగ్గరా రెండు ధమనుల పీడనాన్నీ కొలవాలి. చీలమండ దగ్గరి పెద్ద అంకెను చేతుల పెద్ద అంకెతో భాగించాలి. చీలమండ దగ్గర 108, చేతి దగ్గర 132 వస్తే సూచిక 0.82. 0.90 గాని అంతకంటే తక్కువ గాని ఉంటే కాలి ధమనుల్లో అడ్డంకి ఉన్నట్టు; 1.40 దాటితే నాళాల గోడలు గట్టిపడి కఫ్‌కు నొక్కుకోవడం లేదని అర్థం. ఇది మధుమేహంలో తరచుగా కనిపిస్తుంది, అప్పుడు కాలి బొటనవేలి పీడనమే దిక్కు. అయితే ఏబీఐ పెద్ద ధమనుల కథ చెబుతుంది. అరగంట పట్టీ కట్టినంత మాత్రాన అది కదలదు, కదలకపోవడం వైఫల్యమూ కాదు. మనుషులను ఎంపిక చేసుకోవడానికే దాన్ని వాడాలి.

అరగంట ప్రభావాన్ని పట్టుకోగలిగేవి వేరు. లేజర్ డాప్లర్ చర్మంలో సుమారు ఒక మిల్లీమీటరు లోతు వరకే రక్తకణాల కదలికను చూస్తుంది. దాని యూనిట్లు సాపేక్షమైనవి, ప్రోబ్ ఒక వేలెడు పక్కకు జరిగినా అంకె మారుతుంది. అందుకని మొదటి రోజే చర్మం మీద మార్కర్‌తో గుర్తు పెట్టి, ఎముక గుర్తుల నుంచి దూరాలు రాసుకోవాలి. కండరంలో ఆక్సిజన్ సంగతి తెలియాలంటే సమీప పరారుణ కాంతితో పనిచేసే సెన్సర్ అవసరం. డూప్లెక్స్ స్కాన్‌తో ధమనిలో ప్రవాహాన్ని లెక్కకట్టవచ్చు, కానీ ప్రవాహం ధమని వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది గనుక వ్యాసం కొలతలో 5 శాతం పొరపాటు ప్రవాహంలో 10 శాతం అవుతుంది. స్కాన్ చేసేవారు అన్ని విడతల్లోనూ ఒక్కరే ఉండాలి, వారికి ఏ పట్టీ కట్టారో తెలియకూడదు.

చర్మం మీద ఆక్సిజన్ పీడనాన్ని కొలిచే ఎలక్ట్రోడ్ మధుమేహ పాదాలకు మంచి సాధనమే. 30 మిల్లీమీటర్ల పాదరస పీడనానికి తగ్గితే పుండు మానడం కష్టమని భావిస్తారు. కాని ఆ ఎలక్ట్రోడ్ తానే చర్మాన్ని 43, 44 డిగ్రీలకు వేడిచేసి నాళాలను విప్పుతుంది. అప్పటికే విప్పారిన నాళాన్ని మన పట్టీ ఇంకెంత విప్పగలదు? స్వల్పకాలిక పరీక్షకు అది తగదు, వారాల తరబడి సాగే పరీక్షకు తగుతుంది. థర్మల్ కెమెరా బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి, ప్రకటనల్లో వాటినే ఎక్కువగా చూపుతారు. ఉష్ణోగ్రత రక్తప్రవాహం కాదు. పైగా తుడిచిన జెల్ ఆరిపోతూ చర్మాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనమూ బొమ్మలో పడుతుంది.

కొలతల రోజు

మే నెలలో విజయవాడలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండలో బెంజి సర్కిల్ నుంచి బండి మీద వచ్చిన మనిషి చర్మంలోని నాళాలన్నీ అప్పటికే పూర్తిగా విప్పారి ఉంటాయి. అలాంటివారి మీద ఏ పట్టీ కట్టినా మార్పు కనిపించదు. లేదా ఏసీ గదిలో చల్లబడుతున్న కొద్దీ ప్రవాహం తగ్గి, పరికరం హాని చేసిందేమోనన్న తప్పుడు అభిప్రాయం కలుగుతుంది. వీలైతే పరీక్షను డిసెంబరు, ఫిబ్రవరి నెలల మధ్య పెట్టుకోవాలి. ఏ నెలలోనైనా గదిని 24 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంచి, వచ్చినవారిని కాళ్లు చాపి కనీసం 20 నిమిషాలు పడుకోనివ్వాలి. కరెంటు పోతే ఏసీ ఆగి గది వేడెక్కుతుంది. జనరేటర్ ఆసరా లేని గదిలో ఆ విడతను రద్దు చేసి మరో రోజు పెట్టుకోవాలి తప్ప, మధ్యలో వచ్చిన అంకెలను సర్దుకోకూడదు.

రావడానికి ముందు కొన్ని గంటలు కాఫీ, టీ, బీడీ, సిగరెట్, ఖైనీ మానాలి. భారీ భోజనం చేయకూడదు. ఒకే వ్యక్తికి మూడు విడతలూ రోజులో ఒకే వేళకు ఉండాలి. పిక్కలకు నొప్పి బామ్ రాసుకోవడం మన ఇళ్లలో అలవాటు. బామ్‌లోని మిథైల్ శాలిసిలేట్, మెంథాల్ చర్మపు రక్తప్రవాహాన్ని మారుస్తాయి కాబట్టి ముందు రోజు నుంచే దాన్ని ఆపమని చెప్పాలి. గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవారిని చేర్చుకుంటే మరింత జాగ్రత్త కావాలి. మిరపలోని క్యాప్సైసిన్ తగిలిన చర్మం ఎర్రబడి అక్కడ రక్తప్రవాహం పెరుగుతుంది; అంత బలమైన ప్రభావం మన పట్టీకి ఉంటుందనుకోను. వారికి పనిలేని రోజునే కొలతలు పెట్టుకోవాలి.

కాంతితో పనిచేసే సెన్సర్లకు గోరింటాకు, పారాణి, నెయిల్ పాలిష్ అడ్డువస్తాయి. ఆషాఢంలో పరీక్ష పెట్టుకున్న బృందానికి ఈ సంగతి మొదటి రోజే తెలిసివస్తుంది. మెట్టెలు తీయమని ఎవరినీ అడగనక్కర లేదు, ఎందుకంటే పీడనం కొలిచేది బొటనవేలి దగ్గర, మెట్టెలు ఉండేది దాని పక్క వేలికి. కాలి గొలుసులు మాత్రం కఫ్‌కు అడ్డమవుతాయి. స్త్రీలకు తెర చాటున, మహిళా సిబ్బంది చేత పట్టీ కట్టించాలి.

అల్ట్రాసౌండ్‌కు గాలి పొర గోడ వంటిది. చర్మానికీ ట్రాన్స్‌డ్యూసర్‌కూ మధ్య వెంట్రుక మందం గాలి చిక్కినా శక్తి దాదాపు అంతా వెనక్కి మళ్లుతుంది. వెంట్రుకలు ఒత్తుగా ఉన్న పిక్క మీద వాటిని కత్తిరించాలి. గంటల తరబడి కట్టే పట్టీకి మామూలు జెల్ ఆరిపోతుంది, చెమటకు అంటు ఊడిపోతుంది. హైడ్రోజెల్ దిళ్లు వాడి, ప్రతి గంటకూ అంచులు తాకి చూడాలి. పట్టీ కట్టకముందు 10 నిమిషాలు, కట్టి ఉన్నంతసేపు, విప్పిన వెంటనే, 10 నిమిషాలకు, 30 నిమిషాలకు కొలతలు తీసుకోవాలి. రెండు విడతల మధ్య కనీసం కొన్ని రోజుల ఎడం ఉండాలి.

రోగులతో పరీక్ష

ఆరోగ్యవంతుల్లో శబ్దానికి సొంత ప్రభావం ఉందని తేలితేనే ఈ దశకు రావాలి. నడుస్తుంటే పిక్క పట్టేసి, కాసేపు ఆగితే తగ్గే లక్షణం ఉండి, ఏబీఐ 0.90 లోపు ఉన్నవారు ఇందుకు సరిపోతారు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉండటం యాదృచ్ఛికమే గాని, ఈ జబ్బుకు పొగ తాగడం ముఖ్య కారణాల్లో ఒకటన్నది మాత్రం నిర్వివాదం. పాల్గొనే ప్రతి ఒక్కరికీ పొగాకు మానడానికి సాయం, కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు, వైద్యుడు సూచించిన నడక వ్యాయామం కొనసాగాలి. పర్యవేక్షణలో చేసే నడక వ్యాయామం వల్ల నడవగల దూరం పెరుగుతుందని ఇప్పటికే రుజువైంది. కాబట్టి పట్టీని ఆ వ్యాయామానికి తోడుగా పరీక్షించాలి, దాని స్థానంలో పెట్టకూడదు.

ఇక్కడ ఫలితం అంటే నడక. గంటకు 3.2 కిలోమీటర్ల వేగంతో ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ, ప్రతి 2 నిమిషాలకూ 2 శాతం చొప్పున వాలు పెంచుతూ, నొప్పి మొదలైన సమయాన్నీ ఇక నడవలేనన్న సమయాన్నీ రాసుకునే పద్ధతి బాగా స్థిరపడింది. ట్రెడ్‌మిల్ ఎక్కడానికి జంకే పెద్దవారికి ఆస్పత్రి వరండాలో 6 నిమిషాల నడక పెట్టవచ్చు. రెండోసారి నడిచేటప్పటికి అలవాటు వల్లే దూరం పెరుగుతుంది గనుక, అసలు కొలతకు ముందు ఒక సాధన నడక తప్పనిసరి. ఇంట్లో పట్టీ ఎన్ని గంటలు కట్టుకున్నారో వారి మాట మీద కాకుండా పరికరంలోని లాగ్ నుంచి తీసుకోవాలి. 12 వారాల తర్వాత ఏబీఐని మళ్లీ కొలిచినప్పుడు 0.15 కంటే తక్కువ మార్పును కొలతలోని ఊగిసలాటగానే చూడాలి.

లెక్కలు, రాత

ప్రధాన ఫలితం ఒక్కటే ఉండాలి, అది రిజిస్ట్రీలో ముందే నమోదై ఉండాలి. పది సాధనాలతో కొలిచి వాటిలో బాగున్నదాన్ని తర్వాత ఎంచుకుంటే ఏ పరికరమైనా నెగ్గుతుంది. ఒకే మనిషి మీద అసలు పట్టీకీ వేడి పట్టీకీ వచ్చిన తేడాలను తీసుకుని, ఆ తేడాల ప్రామాణిక విచలనాన్ని ఆశించే సగటు తేడాతో భాగించి, వచ్చినదాని వర్గాన్ని 7.84తో గుణిస్తే, 5 శాతం ప్రాముఖ్యత స్థాయిలో 80 శాతం సామర్థ్యానికి కావలసిన మనుషుల సంఖ్య సుమారుగా వస్తుంది. విచలనం ఆశించే తేడాకు రెండింతలైతే 32 మంది కావాలి. మధ్యలో మానేసేవారి కోసం మరికొందరిని కలుపుకోవాలి. ఆ విచలనం ఎంతో తెలియడానికి ముందు కొద్దిమందితో చిన్న పరీక్ష చేయాలి. వారి అంకెలను అసలు పరీక్షలో కలపకూడదు.

నివేదికలో సగటుతోపాటు ప్రతి మనిషి కొలతల గీతనూ చూపాలి. విశ్వాస అంతరం లేకుండా శాతాన్ని మాత్రమే రాయడం ప్రకటనలకు తగిన పద్ధతి. చర్మం ఎర్రబడటం, దద్దుర్లు, పట్టీ ఊడిపోవడం, మధ్యలో ఆపేయడం వంటివన్నీ పట్టీల వారీగా లెక్కపెట్టి చెప్పాలి. లేజర్ డాప్లర్‌తో కొలిచి "రక్తప్రసరణ పెరిగింది" అని రాయరాదు. 3 మెగాహెర్ట్జ్ దగ్గర, త్రాసుతో కొలిచిన ఇన్ని వాట్ల శక్తితో, ఇన్ని నిమిషాలకు, 24 డిగ్రీల గదిలో, పిక్క వెనుక చర్మంలో ప్రవాహం వేడి పట్టీతో పోలిస్తే ఇంత మారింది అని రాయాలి. మార్పేమీ కనిపించకపోయినా అదే వివరంతో రాసి రిజిస్ట్రీలో ఫలితాన్ని చేర్చాలి, పాల్గొన్నవారికి ఒక పేజీ తెలుగు ప్రతిని ఇంటికి పంపాలి.